మా రుమాలు నైజీరియా దాకా వెళ్లింది, మా ఊరి పేరు మాత్రం వెళ్లలేదు

2025 ఆగస్టు 25, సోమవారం. బెంగళూరులో పొద్దున స్టాండప్ మీటింగ్‌లో ఉన్నాను. నాన్న ఫోన్. ఆయన పని వేళల్లో ఎప్పుడూ ఫోన్ చెయ్యడు. కట్ చేసి మెసేజ్ పెట్టాను. మళ్లీ చేశాడు. మ్యూట్‌లో పెట్టుకుని ఎత్తాను.

"ఒరే, అమెరికాకి పార్సిళ్లు తీసుకోవట్లేదంటరా. బాబాయి చీరాల పోస్టాఫీసు కాడ నిలబడి ఉన్నాడు. ఏం చెయ్యమంటావ్?"

మొత్తం మూడు పార్సిళ్లు. డాలస్‌కి రెండు, న్యూజెర్సీకి ఒకటి. ఒక్కోదాంట్లో రెండేసి కాటన్ దుపట్టాలు. మా నాన్న మగ్గం మీద నేసినవి, అమ్మ మడత పెట్టినవి, నేను ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మినవి.

ఫోన్‌లో వెతికితే విషయం తెలిసింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి అమెరికాలో సుంకం ఉండేది కాదు. ఆ సౌకర్యం ఆగస్టు 29 నుంచి ఎత్తేస్తున్నారు. మన దేశం సరుకు మీద సుంకం 27 నుంచి 50 శాతం. ఆ సుంకం ఎవరు, ఎలా వసూలు చెయ్యాలో తేలక, మన తపాలా శాఖ అమెరికాకి పార్సిళ్ల బుకింగ్ ఆపేసింది. పేపర్లో ఈ వార్త నేనూ చూశాను. టారిఫ్ అంటే పెద్ద కంపెనీల గొడవ అనుకుని స్క్రోల్ చేసేశాను. అది మా బాబాయి బైక్ మీద ఉన్న గోనెసంచిలోని ఆరు దుపట్టాల గొడవ అని తట్టలేదు.

"ఇంటికి తీసుకు రమ్మను నాన్నా, సాయంత్రం మాట్లాడదాం" అన్నాను. మీటింగ్‌లో నా వంతు వచ్చింది. 'నో బ్లాకర్స్' అని చెప్పాను.

వైన్ లేని వైన్ షాపు, వైన్ ఉన్న ఊరు

మాది ఈపురుపాలెం. చీరాల నుంచి బాపట్ల వెళ్లే దారిలో తగులుతుంది. మొన్న మొన్నటి దాకా ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. స్ట్రెయిట్ కట్ అనే మురుగు కాలవ పేరు మీద కొందరికి తెలుసు. నేను బాపట్లలో ఇంజనీరింగ్ చదివాను. రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. పొద్దున లేచేసరికే మగ్గం చప్పుడు, రాత్రి పడుకునేటప్పుడూ మగ్గం చప్పుడు. మా వీధిలో చాలా ఇళ్లలో అంతే. ఇప్పుడు ఆ చప్పుడు బాగా తగ్గింది.

నాన్న మాస్టర్ వీవర్ దగ్గర మజూరీకి నేస్తాడు. నూలు ఆయన ఇస్తాడు, బట్ట ఆయన తీసుకుంటాడు, నాన్నకి కూలి ఇస్తాడు. ఆ బట్ట ఎక్కడికి పోతుందో, ఎంతకి అమ్ముతారో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

అనుకున్నది జర్మనీలో. 2024 సెప్టెంబర్‌లో ఆఫీసు నన్ను మూడు నెలలు ఫ్రాంక్‌ఫర్ట్ పంపింది. టీమ్‌లో ఒకతని మేనమామకి మోసెల్ నది ఒడ్డున ద్రాక్షతోట ఉంది. కోతల కాలం, చూద్దువు గాని రమ్మని వారాంతం తీసుకెళ్లాడు.

నాకు వైన్ గురించి తెలిసింది సున్నా. మన దగ్గర వైన్ షాపులో వైన్ తప్ప అన్నీ ఉంటాయి కదా. అక్కడ కొండ నిలువుగా ఉంది, కింద నది, నేల నిండా నల్లటి పలకరాళ్లు. ఆ వాలులో మనిషి నిలబడటమే కష్టం, వాళ్లు బుట్టలతో ద్రాక్ష కోస్తున్నారు. ఆయనకి ఉన్నది మూడు హెక్టార్లు, అంటే ఏడెకరాలు చిల్లర. కొడుకు బెర్లిన్‌లో ఉద్యోగం. "వాడు రాడు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నేను ఇంటి దగ్గర చూసిందే.

సాయంత్రం సెల్లార్‌లో కూర్చోబెట్టి రెండు గ్లాసులు పోశాడు. నేను రెండు గుక్కలు తాగి, అందరూ అడిగే ప్రశ్నే అడిగాను. "ఇంత చిన్న తోట, ఇంత ఖర్చు. ఎలా గిట్టుబాటవుతుంది?"

"సగం ఇక్కడికి వచ్చేవాళ్లు కొంటారు. సగం మూడు దేశాలకి పంపుతాను."

"మూడేనా?"

"మూడే ఎక్కువ."

ఆయన చెప్పింది అప్పుడు నోట్స్ యాప్‌లో రాసుకున్నాను. దేశానికి ఒక్క దిగుమతిదారు. అతను పెద్ద కంపెనీ కాకూడదు, తన సరుకు తనే తాగి చూసి, షాపులకి వెళ్లి కథ చెప్పేవాడు అయి ఉండాలి. ముందు శాంపిల్ సీసాలు పంపాలి. ఏటా మార్చిలో డ్యూసెల్‌డార్ఫ్‌లో ప్రోవైన్ అనే పెద్ద సంత జరుగుతుంది, ప్రపంచంలో వైన్ కొనేవాళ్లంతా అక్కడికి వస్తారు. ఒక్కడే స్టాల్ తీసుకుంటే ఖర్చు భరించలేడు కాబట్టి, ఊళ్లో నలుగురు కలిసి ఒక బల్ల తీసుకుంటారు. సీసాలు కూడా పక్కవాళ్లతో కలిపే లోడ్ చేస్తారు.

ధర ఆయన ముందు నుంచి వెయ్యడు, చివరి నుంచి వెనక్కి లెక్కేస్తాడు. అమెరికాలో మద్యనిషేధం 1933లో ఎత్తేశాక మూడంచెల పద్ధతి వచ్చింది. తయారీదారు లేదా దిగుమతిదారు, ఆ తర్వాత హోల్‌సేలర్, ఆ తర్వాత షాపు. ఎవరి లాభం వాళ్లు వేసుకుంటారు. ఈయన దగ్గర 7 యూరోలకి బయల్దేరిన సీసా అక్కడ 20 డాలర్లు దాటుతుంది. "షాపులో 20 డాలర్లకి నా సీసా ఎవరు కొంటారు? ముందు ఆ మనిషిని ఊహించుకోవాలి. ఆ తర్వాత నాకెంత మిగులుతుందో చూసుకోవాలి. మిగలకపోతే ఆ దేశం వదిలెయ్యాలి."

ఒకసారి ఒక సూపర్‌మార్కెట్ మొత్తం పంట కొంటామని వచ్చిందట. వద్దన్నాడు. మరుసటి ఏడు వాళ్లు రాకపోతే తన పని అయిపోయినట్టే కదా.

వచ్చేటప్పుడు ఒక సీసా చేతిలో పెట్టాడు. దాని మీద ఆయన పేరు, ద్రాక్ష రకం రీస్లింగ్, పంట ఏడాది, వీటితోపాటు ఊరి పేరు, ఆ కొండ వాలు పేరు కూడా ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే రైల్లో ఆ లేబుల్ చూస్తూ కూర్చున్నాను. నాన్న నేసిన ఏ బట్ట మీదా ఈపురుపాలెం అనే మాట నేను చూడలేదు.

బోనస్ డబ్బుతో మొదటి వార్పు

2025 సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు చెప్పాను. "నాన్నా, ఒక వార్పు మనకోసం నెయ్యి. నూలు ఖర్చు నేను పెడతా. ఫారిన్‌లో అమ్ముదాం."

నాన్న మొదట మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మనం సొంతంగా నేస్తున్నామని తెలిసి ఆయన నూలు ఆపేస్తే?"

ఆ భయం నాకు అప్పుడు చాదస్తంలా అనిపించింది. ఇప్పుడు అనిపించట్లేదు. వానాకాలంలో గుంట మగ్గంలోకి చెమ్మ ఊరి నెలల కొద్దీ పని సాగదు. ఆషాఢంలో అమ్మకాలు ఉండవు. అలాంటప్పుడు బట్ట అమ్ముడు కాకపోయినా నూలు ఇచ్చి, అడ్వాన్సు ఇచ్చి నడిపించేది ఆ మాస్టర్ వీవరే. నాలాంటివాడు మూడు నెలలు ఉత్సాహంగా ఉండి, ప్రమోషన్ రాగానే మర్చిపోతే నాన్న ఎవరి గుమ్మం ఎక్కాలి?

చివరికి అమ్మే తేల్చింది. "ఆయనకి చెప్పే చేద్దాం. దాచిపెట్టి ఎందుకు?" నాన్న వెళ్లి చెప్పాడు. ఆయన ఏమీ అనలేదు. "నా వార్పు టైముకి ఇవ్వు చాలు" అన్నాడట.

ఇక మిగిలింది నా పని. ఎగుమతి అంటే ఓడలు, కంటైనర్లు అనుకుంటాం గానీ మొదలు మామూలుగానే ఉంటుంది. డీజీఎఫ్‌టీ సైట్లో పాన్ కార్డుతో ఐఈసీ నంబర్ తీసుకోవాలి, ఫీజు 500 రూపాయలు. జీఎస్టీ పోర్టల్లో ఎల్‌యూటీ అనే హామీపత్రం పెడితే, ముందుగా పన్ను కట్టకుండా ఎగుమతి చెయ్యొచ్చు. సరుకుకి సరైన హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ వెతకాలి. చిన్నవాళ్ల కోసం తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టింది, పోస్టల్ ఎగుమతి బిల్లు ఆన్‌లైన్‌లో నింపి పార్సిల్ ఇవ్వొచ్చు. ఇవన్నీ నాకు రెండు రాత్రుల పని.

ఒక్కో దుపట్టాకి లెక్క ఇదీ. నూలు, రంగులు కలిపి 420. నాన్న నేత మజూరీ 550. అమ్మ కండెలు చుట్టడం, ఆసు పొయ్యడం వగైరా 130. మొత్తం 1,100. అమ్మ పనికి కూలి వెయ్యడం మా ఇంట్లో అదే మొదటిసారి. "నాకెందుకు రా" అంది గానీ, ఆ కాయితం తీసి బీరువాలో పెట్టుకుంది.

అమ్మకం ధర 38 డాలర్లు, అంటే అప్పట్లో సుమారు 3,300 రూపాయలు. పోస్టు, ప్యాకింగ్ పోను 2,300 మిగులుతుంది. మా ఖర్చు 1,100 తీసేస్తే 1,200 లాభం. చీరాల్లో ఏదైనా షాపుకి ఇస్తే 200, 300 మించి మిగలదు. ఎక్సెల్ షీట్ చూసి గాల్లో తేలాను.

రంగు వదిలింది

ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దుపట్టాలు అమ్ముడయ్యాయి. కొన్నది ఎక్కువగా మన తెలుగువాళ్లే. మగ్గం మీద నాన్న చేతుల రీల్ ఒకటి బాగా తిరిగింది. నాన్న మొహం రాలేదని అమ్మ అలిగింది.

అప్పుడు సిడ్నీ నుంచి ఒక మెసేజ్ వచ్చింది, ఫోటోతో సహా. తెల్ల కుర్తా మీద గులాబీ మరకలు. మా ఎర్ర అంచు రంగు వదిలింది. ఆవిడ తిట్టలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చాను. కుర్తా డబ్బు కూడా ఇస్తానంటే వద్దంది.

నాన్నకి చెబితే, "ఎర్ర మొదటి ఉతుకులో కాస్త వదులుతుంది రా, వేరేగా ఉతకాలి. ఇది తెలియనివాళ్లు కూడా ఉంటారా?" అన్నాడు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి సిడ్నీలో ఎవరికి తెలుస్తుంది? అది చెప్పాల్సింది నేను.

ఆ రాత్రి రంగు వదిలే బట్టల గురించి చదువుతుంటే 'బ్లీడింగ్ మద్రాస్' కథ దొరికింది. 1958లో విలియం జేకబ్‌సన్ అనే అమెరికా వ్యాపారి మద్రాసు వచ్చి, కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ దగ్గర గళ్ల చేనేత బట్ట కొన్నాడు. తర్వాత లీలా హోటళ్లు పెట్టిన ఆయనే ఈ నాయర్. ఆ బట్ట బ్రూక్స్ బ్రదర్స్ చొక్కాలుగా మారింది. ఉతకగానే రంగులు కారాయి, జనం మండిపడ్డారు. ఆ రంగు వదలడాన్నే గొప్పగా చెప్పి, గ్యారంటీగా రంగు వదులుతుందని ప్రచారం చేసి అమ్మారు. ఉతికిన ప్రతిసారీ చొక్కా కొత్త షేడ్‌లోకి మారుతుందని జనం ఎగబడ్డారు.

తెలివైన పనే. కానీ నాకు అంత ధైర్యం లేదు. రంగులు అద్దేవాణ్ణి మార్చాం, నూలు ఇంకోసారి బాగా ఉడికించమన్నాం. ప్రతి ప్యాకెట్లో ఒక చీటీ పెట్టడం మొదలుపెట్టాం. మొదటి రెండుసార్లు విడిగా, చన్నీళ్లలో ఉతకండి, తెల్లబట్టల మీద వెయ్యకండి అని.

నాయనమ్మ చూడని ఆఫ్రికా

ఆ కథలో 'మద్రాస్' అనే మాట పట్టుకుని వెనక్కి చదువుతూ పోతే మా ఇంటికే వచ్చి ఆగాను.

'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అని ఒక బట్ట ఉండేది. పేరుకి రుమాలే గానీ 8 గజాల తాను, పెద్ద పెద్ద గళ్లు. శతాబ్దాల పాటు పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లింది. అది నేసింది మద్రాసు చుట్టుపక్కల, మన చీరాల ప్రాంతంలో. నైజీరియాలో ఇగ్బోలు ఆ రకం బట్టని 'జార్జ్' అంటారు, మద్రాసులోని సెయింట్ జార్జ్ కోట పేరు మీద. నైగర్ నది డెల్టాలో ఉండే కలబరి జనం 'ఇంజిరి' అంటారు, అసలైన ఇండియా బట్ట అనే అర్థంలో. వాళ్లకి అది లేకుండా పుట్టుక లేదు, చావు లేదు. పెద్దవాళ్లు పోతే శవాన్ని ఉంచే గదిని ఆ బట్టలతో అలంకరిస్తారు. మాంచెస్టర్ మిల్లులు నకలు తీసి పంపితే, వాసన చూసి ఇది మన బట్ట కాదని పక్కన పెట్టేవాళ్లట.

చీరాలకి ఇంకో బట్ట కూడా ఉంది, తేలియా రుమాలు. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, చిటికి కట్టి, ఎరుపు, నలుపు రంగులు అద్ది నేసేవాళ్లు. ఆ నూనె వల్ల బట్ట చల్లగా ఉంటుందని అరబ్బు దేశాల్లో తలకి చుట్టుకునేవాళ్లు. వాడకంలో దాన్ని ఆసియా రుమాలు అని కూడా అనేవారు.

జూన్‌లో ఇంటికెళ్లినప్పుడు నాయనమ్మని అడిగాను. ఆమెకి 84. "తాత మద్రాసు రుమాళ్లు నేసేవాడా?"

"నేసేవాడేంటి, నేను ఈ ఇంటికి వచ్చేసరికి అవే నేసేది. మడతలు పెట్టలేక నా చేతులు పడిపోయేవి. మద్రాసు పోయేవి."

"మద్రాసు నుంచి ఎక్కడికి?"

"ఓడెక్కేవి అనేవాళ్లు. ఆఫ్రికా అనేవాళ్లు. మనకెందుకు, కూలి వస్తే చాలు."

ఫోన్‌లో కలబరి ఆడవాళ్ల ఫోటోలు చూపించాను. పండగ బట్టల్లో, నడుముకి గళ్ల బట్ట చుట్టుకుని నిలబడి ఉన్నారు. నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. "గళ్లు మనయ్యే" అంది. ఇంకో ఫోటో దగ్గర ఆగింది. ఆ బట్టలో గళ్ల మధ్య ఖాళీలు, కొత్త డిజైన్. కలబరి ఆడవాళ్లు మన బట్టలో కొన్ని పోగులు బ్లేడుతో కోసి, లాగేసి, తమ సొంత నమూనా తయారుచేస్తారు. 'పెలెటె బిటె' అంటారు, పోగు కోసిన బట్ట అని. అది వాళ్ల పెద్ద కళ.

సంగతి చెప్పాను. నాయనమ్మ నోరు నొక్కుకుంది. "ఓరి దేవుడో, మీ తాత ఒక్క పోగు తెగితే అన్నం తినేవాడు కాదు. వీళ్లు కావాలని పీకారా!" ఆ తర్వాత చాలాసేపు ఆ ఫోటో చూస్తూనే ఉంది. "బాగానే ఉందిలే" అంది చివరికి.

నేనేదో మా ఊరికి ప్రపంచాన్ని పరిచయం చేస్తున్నానని అనుకున్నాను. మా తాత చేతి పని నేను పుట్టక ముందే సముద్రాలు దాటింది. మరి ఏమైంది? నైజీరియా ప్రభుత్వం దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది, 1986లో వాళ్ల నైరా విలువ పడిపోయింది. మన బట్ట కొనేవాళ్లకి అది అందని ధర అయింది. ఇక్కడ మగ్గాలు వేరే రకాలకి మళ్లాయి. ఎందుకు ఆగిందో మా తాతకి ఎవరూ చెప్పలేదు. నా పార్సిళ్లు ఎందుకు ఆగాయో కనీసం ఫోన్‌లో చదువుకోగలిగాను.

ఎగుమతి అంటే మనకి మంచే అనుకోవడం కూడా తప్పని అప్పుడే తెలిసింది. 1991లో నూలు ధర విపరీతంగా పెరిగి ఆంధ్రలో చేనేత కుటుంబాల్లో ఆకలి చావులు జరిగాయి. నూలు విదేశాలకి ఎక్కువగా వెళ్లిపోవడం దానికి ఒక కారణం. బట్ట ఓడెక్కితే మాకు కూలి. నూలు ఓడెక్కితే మా పొయ్యి ఆరిపోతుంది.

ఇంకో సంగతి కూడా తట్టింది. మద్రాస్, జార్జ్, ఇంజిరి, ఆసియా. ఆ బట్టలకి ఎన్ని పేర్లు! ఒక రేవు పేరు, ఒక కోట పేరు, ఒక దేశం పేరు, ఏకంగా ఒక ఖండం పేరు. నేసిన ఊరి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. కొనేవాడికి ఊరు తెలియకపోతే, రేపు ఇంకెక్కడ నేయించినా తేడా పడదు. మోసెల్ ఆయన సీసా మీద కొండ వాలు పేరు ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఆ వైన్ కావాలంటే ఆ ఊరికే రావాలి.

మన దేశంలో దీనికి జీఐ చట్టం ఉంది. 1999లో చేశారు, 2003లో అమల్లోకి వచ్చింది, రిజిస్ట్రీ ఆఫీసు చెన్నైలోనే. మొదటిది డార్జిలింగ్ టీ. తెలుగు నేతల్లో పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి, మంగళగిరి పేర్లు ఎక్కాయి. తేలియా రుమాలుకి 2020లో వచ్చింది, పుట్టపాక పేరు మీద. చీరాలకి ఇంత చరిత్ర ఉంటే వాళ్లకి రావడమేంటని మొదట ఉక్రోషం వచ్చింది. మన దగ్గర ఆ పని వదిలేసినప్పుడు, నల్గొండ వైపు పుట్టపాకలో పట్టుకుని నిలబెట్టారు. గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ ఇచ్చింది ఊరికే కాదు. పట్టు వదలనివాళ్ల ఊరికే పేరు దక్కింది. జీఐ ఒక్క మనిషికి ఇవ్వరు, తయారుచేసేవాళ్లంతా సంఘంగా అడగాలి. నా ఇన్‌స్టాగ్రామ్ పేజీతో అయ్యే పని కాదు.

లెక్క మళ్లీ మొదటి నుంచి

ఆగస్టులో ఆ మూడు పార్సిళ్లు ఇంటికి తిరిగొచ్చాక డబ్బులు వెనక్కి ఇచ్చేశాను. అక్టోబర్ 15న తపాలా శాఖ అమెరికాకి మళ్లీ బుకింగ్ మొదలుపెట్టింది, చెప్పిన విలువ మీద 50 శాతం సుంకం ఇక్కడే కట్టించుకుని. నా షీట్‌లో కొత్త వరుస చేర్చాను. 2,300 మీద సగం 1,150. మా లాభం 1,200. మిగిలేది 50 రూపాయలు. ధర పెంచితే కొనేవాళ్లు ఆగిపోతారు. మోసెల్ ఆయన మాట గుర్తొచ్చింది. మిగలకపోతే ఆ దేశం వదిలెయ్యాలి. ఆయనకీ అదే ఆగస్టులో 15 శాతం సుంకం పడింది. నా సహోద్యోగి ద్వారా కబురు పంపితే, 'నాకు ఇంకో రెండు దేశాలు ఉన్నాయి' అని జవాబు వచ్చింది.

నాకేమో ఒక్క దేశం మీదే అంతా. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సర్వర్ మీద అన్నీ పెట్టి నడిపితే తిడతాం. ఇంటి వ్యాపారంలో అదే చేశాను.

నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో చిన్న బట్టల షాపు నడిపే ఒక తెలుగావిడ రాసింది. 36 దుపట్టాలు కావాలి, హోల్‌సేల్ ధరకి. వీడియో కాల్‌లో మాట్లాడాం. ఆవిడ షాపులో 40 పౌండ్లకి అమ్మగలదు. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తూ వచ్చాం. ఆవిడ అద్దె, పన్ను, రవాణా, సుంకం పోగా మాకు ఒక్కోదానికి 1,650. మా ఖర్చు పోను 550 మిగులుతుంది. విడిగా అమ్మినప్పటి లాభంలో సగం కూడా లేదు. కానీ ఒకేసారి 36, సగం డబ్బు అడ్వాన్సు, కస్టమర్ల మెసేజ్‌లకి రాత్రి రెండింటికి నేను జవాబు చెప్పక్కర్లేదు.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "అన్నీ ఒకే షేడ్ ఉండాలండీ."

నాన్న ససేమిరా అన్నాడు. "మిషను కాదురా. తొట్టికి తొట్టికి రంగు పిసరు మారుతుంది. ఒప్పుకుని మాట తప్పను."

ఇక్కడ నాకు సీసా మీది ఏడాది పనికొచ్చింది. వైన్ కొనేవాళ్లు 2022 వేరు, 2023 వేరు అని తెలిసే కొంటారు. ఎండ మారితే రుచి మారుతుంది, దాన్ని దాచరు, పైన అచ్చేస్తారు. ఆవిడకి అదే చెప్పాను. మూడు వార్పులు, వార్పుకి 12. ఒక వార్పు లోపల షేడ్ ఒకేలా ఉంటుంది, వార్పు మారితే కొంచెం తేడా ఉంటుంది. ఏది ఏ వార్పుదో చీటీ మీద రాస్తాం. ముందు మూడు రంగుల ముక్కలు శాంపిల్‌గా పంపాం. పది రోజుల తర్వాత సరేనంది.

నేత ఆరు వారాల పైనే పట్టింది. మధ్యలో మాస్టర్ వీవర్ వార్పు ఒకటి టైముకి దించాలి కాబట్టి మాది ఆగింది. లెస్టర్ ఆవిడకి ముందే చెప్పాం, రెండు వారాలు ఆలస్యమవుతుందని. నాన్న రోజూ నన్ను అడిగేవాడు, "ఆవిడకి కోపం వచ్చిందా?" అని. ముప్పై ఏళ్లుగా నేస్తున్నాడు, కొనే మనిషి ఏమనుకుంటుందో అడగడం నేను అప్పుడే విన్నాను.

చివర్లో లేబుల్ గురించి కూర్చున్నాం. నేను బెంగళూరులో ఫ్రెండ్‌తో స్టైల్‌గా ఒక బ్రాండ్ పేరు, లోగో చేయించాను. నాన్న ఫోన్‌లో చూసి, "ఇదేం పేరురా, నోరు తిరగట్లేదు" అన్నాడు. "ఈపురుపాలెం అని రాయి. అంతే."

"ఈపురుపాలెం వాళ్లకి అసలు నోరు తిరగదు నాన్నా."

"జర్మనీ ఊరి పేరు నీకు తిరిగిందా? నేర్చుకున్నావుగా."

నిజమే. చిన్న గుడ్డ లేబుల్ కుట్టించాం. పైన తెలుగులో, కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు. దాని కింద వార్పు నంబర్. ఇంకో వరుసలో నాన్న పేరు రాయబోతే ఆయనే ఆపాడు. "అమ్మది కూడా రాయి. కండెలు లేకుండా నేను నేసేదేముంది?"

36 దుపట్టాలు వెళ్లాయి. మిగిలింది 19,800 రూపాయలు. నా నెల జీతం ముందు అది చిన్న మొత్తమే. మళ్లీ ఆర్డర్ వస్తుందో రాదో తెలియదు. నాన్న మాస్టర్ వీవర్ పని మానలేదు, మానమని నేనూ చెప్పను. ఒక వార్పు ఆయనది, ఒక వార్పు మాది. వీధిలో ఇంకో రెండు ఇళ్లవాళ్లు వచ్చి ఐఈసీ అంటే ఏంటని అడిగారు. వచ్చే సంక్రాంతికి వాళ్లతో కూర్చుంటాను. మోసెల్‌లో నలుగురు కలిసి ఒక బల్ల తీసుకున్నట్టు, మేమూ కలిసి ఏదైనా చెయ్యగలమేమో చూడాలి.

మొన్న లెస్టర్ ఆవిడ ఒక ఫోటో పంపింది. కొన్న అమ్మాయి ఎవరో ఆ లేబుల్‌ని దగ్గరగా తీసి, ఈ ఊరు ఎక్కడుంది, పేరు ఎలా పలకాలి అని అడిగిందట. నాన్నకి ఫార్వర్డ్ చేశాను. ఆయన వాయిస్ మెసేజ్ పంపాడు. గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం విడదీసి, బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. వెనక అమ్మ నవ్వు వినిపిస్తోంది.

ఆ వాయిస్ మెసేజ్‌నే లెస్టర్‌కి పంపాను.